అటక మీది ఆట పెట్టె, గోడ మీది కొత్త టీవీ

పండక్కి ఇల్లు దులిపేటప్పుడు అటక మీంచి ఏమేం దిగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పిడి ఊడిన కాఫీ ఫిల్టరు, పెళ్ళిలో చదివించిన రెండో డిన్నర్ సెట్టు, పిల్లల మూడు చక్రాల సైకిలు. వాటి మధ్యలో, వైర్లు చుట్టచుట్టుకుని, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుపోయిన ఓ ప్లాస్టిక్ పెట్టె కూడా చాలా ఇళ్ళల్లో దిగుతుంది. మనలో కొందరికి అది చిన్ననాటి టీవీ గేమ్. ఇంకొందరికి పిల్లవాడు ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైనందుకు కొనిపెట్టిన ప్లేస్టేషన్.

దాన్ని చూడగానే ఇంట్లో అందరికీ ముచ్చటేస్తుంది. ఎవరో ఒకరు తీసుకెళ్ళి గోడమీదున్న పెద్ద టీవీ వెనక తడుముతారు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులకి సరిపోయే రంధ్రాలు కనిపించవు. "ఇది దీనికి పనికిరాదు" అని తీర్పు చెప్పేస్తారు. మర్నాడు పాత సామాన్లవాడి తక్కెట్లోకి వెళుతుంది.

ఒక్క నిమిషం ఆగండి. నూటికి తొంభై పాళ్ళు అనను గానీ, అలా వెళ్ళిపోయే పెట్టెల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. పాత పెట్టె మాట్లాడే భాష ఒకటి, కొత్త టీవీకి వచ్చిన భాష ఇంకొకటి. మధ్యలో మాట కలిపేవాళ్ళు లేక మొహమొహాలు చూసుకుంటున్నాయంతే. ఆ మాట కలపడం ఎలాగో, దానికి ఎంత ఖర్చు పెట్టచ్చో, ఎక్కడ ఆగిపోవాలో చెప్పుకుందాం. ఇదేం ఇంజినీరింగు కాదు. కుక్కర్ గ్యాస్కెట్ మార్చుకోగలిగిన ప్రతి ఇల్లాలూ చెయ్యగలిగిన పనే.

ముందు మీ పెట్టె ఏ కాలందో చూడండి

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో ఫ్యామికామ్ అనే ఆట పెట్టెని విడుదల చేసింది. దానికి తైవాన్‌లో, చైనాలో లెక్కలేనన్ని నకళ్ళు తయారయ్యాయి. 1990లలో మన ఊళ్ళల్లో "టీవీ గేమ్" అని అమ్మినవి చాలావరకు ఆ నకళ్ళే. మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, బాతుల్ని కాల్చే డక్ హంట్, అన్నీ ఒకే క్యాసెట్లో పెట్టి "వందాట్లు" అని అమ్మేవాళ్ళు. లెక్కపెడితే ఆ వందలో పది ఆటలే మళ్ళీ మళ్ళీ వచ్చేవనుకోండి, అది వేరే సంగతి.

ఆ తర్వాత క్యాసెట్లు పోయి సీడీలూ డీవీడీలూ వచ్చాయి. సోనీ వాళ్ళ మొదటి ప్లేస్టేషన్ 1994లో, ప్లేస్టేషన్ 2 2000లో వచ్చాయి. ఈ రెండోది ప్రపంచం మొత్తం మీద 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. 2013లో దాని తయారీ ఆగిపోయింది. చేతిలో రిమోట్ ఊపుతూ టెన్నిస్ ఆడే నింటెండో వీ 2006లో వచ్చింది.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఇవి పాత డబ్బా టీవీని మనసులో పెట్టుకుని చేసినవి. ఈ రోజు టీవీలకి బొమ్మా శబ్దమూ ఒకే తీగలో తీసుకెళ్ళే హెచ్‌డీఎంఐ అనే పద్ధతి 2002 డిసెంబరులో గానీ ఖరారు కాలేదు. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3కి ఆ రంధ్రం ఉంది, ఏ బాధా లేదు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 మొదటి మోడళ్ళకి లేదు, తర్వాత వచ్చినవాటికి ఉంది. కాబట్టి మీ పెట్టె వెనక్కి తిప్పి చూడండి. అంచులు కాస్త నొక్కినట్టుండే పలకటి సన్నని రంధ్రం ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ తీగ పెట్టుకుని హాయిగా ఆడుకోండి. లేకపోతే మిగతాది చదవండి.

బొమ్మ ఎందుకు సరిగ్గా రాదు?

మనకి చుక్కల ముగ్గు తెలుసు కాబట్టి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది.

డబ్బా టీవీ బొమ్మని గీతలు గీతలుగా గీసేది. ముందు బేసి వరసలు, ఆ తర్వాత సరి వరసలు. మన దేశంలో సెకనుకి 50 సార్లు ఇలా ఒకటి విడిచి ఒకటి గీస్తే, రెండూ కలిసి మన కంటికి నిండు బొమ్మగా కనిపించేది. పాత టీవీ గేములు ఇందులో ఓ చిట్కా ప్రయోగించాయి. బేసి, సరి అని మార్చకుండా ప్రతిసారీ ఒకే వరసల మీద గీయించేవి. డబ్బా టీవీకి ఆ తేడా పట్టేది కాదు, చెప్పినట్టు గీసేది.

కొత్త టీవీ అలా కాదు. దానికి బొమ్మ మొత్తం ఒకేసారి కావాలి. పాత పెట్టె పంపేవి సగం సగం బొమ్మలనుకుని, రెండేసి కలిపి ఒకటి చేద్దామని చూస్తుంది. అవి సగాలు కావు, వేరువేరు బొమ్మలు. ఇంకేముంది, ముగ్గు మీద ముగ్గు వేసినట్టు అలుక్కుపోతుంది. పరుగెత్తే బొమ్మల అంచులు పళ్ళు పళ్ళుగా కనిపించడానికి ఇదే కారణం.

రెండో చిక్కు కొలతది. టీవీ గేము ముగ్గుకి అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 240. మొత్తం 61,440. ఫుల్ హెచ్‌డీ టీవీ వాకిట్లో చుక్కలు 1920 చొప్పున 1080 వరసలు. అంటే 20 లక్షలు దాటాయి. చిన్న వాకిలికి వేసిన ముగ్గుని పెద్ద ఆవరణంతా లాగి వెయ్యాలంటే ఒక్కో చుక్కా దాదాపు 34 చుక్కలవ్వాలి. 4కే టీవీ అయితే 135. ఆ లాగడం చేతనైనవాళ్ళు లాగితే నిండుగా ఉంటుంది, చేతకానివాళ్ళు లాగితే మసక మసగ్గా ఉంటుంది. తక్కువ రకం పెట్టెలకీ ఎక్కువ రకం పెట్టెలకీ ధరలో అంత తేడా ఎందుకుంటుందో ఈ రెండు ముక్కల్లో ఉంది.

డబ్బు తీసే ముందు టీవీ వెనక చూడండి

కొనడానికి వెళ్ళే ముందు చెయ్యవలసిన పనులు నాలుగున్నాయి. వీటిలో ఏదో ఒకదానితో పని జరిగిపోతే పైసా ఖర్చుండదు.

ఒకటి. మీ టీవీకి ఏవీ అని రాసిన చిన్న గుండ్రటి రంధ్రం ఉందేమో చూడండి. సెల్‌ఫోను ఇయర్‌ఫోన్ పట్టేంత ఉంటుంది. చోటు కలిసొస్తుందని చాలా కంపెనీలు మూడు రంధ్రాలకి బదులు ఇదొక్కటే పెడుతున్నాయి. ఇటువైపు సన్న పిన్ను, అటువైపు పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుండే జానెడు తీగ ఒకటి కొన్ని టీవీలతోపాటే వస్తుంది. వారంటీ కార్డు పెట్టిన కవర్లో వెతకండి, చాలామంది దాన్ని విప్పకుండానే దాచేస్తారు. ఈ సన్న పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి. గీతల వరస అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. అందుకని బయట కొన్న తీగ పెట్టినప్పుడు బొమ్మ రాకుండా బుర్రుమని శబ్దం వస్తుంటే కంగారుపడకండి. పసుపు పిన్నుని ఎర్ర దాంట్లో, తెల్ల దాంట్లో మార్చి పెట్టి చూడండి. ఎక్కడో ఒకచోట బొమ్మ పలుకుతుంది.

రెండు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంధ్రాలు కనిపిస్తే, ఆకుపచ్చ దాని పక్కన పసుపు చుక్కగానీ వీడియో అన్న మాటగానీ ఉందేమో చూడండి. ఉంటే పసుపు పిన్ను అందులోనే పెట్టాలి. ఆ ఒక్క రంధ్రమూ రెండు కాపురాలు చేస్తుంది.

మూడు. రిమోట్ మీద సోర్స్ లేక ఇన్‌పుట్ అనే బటన్ నొక్కి ఏవీ ఎంచుకోండి. తీగలన్నీ సరిగ్గా పెట్టి, ఈ ఒక్కటీ మర్చిపోయి పెట్టె పాడైందనుకునేవాళ్ళు బోలెడుమంది.

నాలుగు. మరీ పాత టీవీ గేములకి పసుపు పిన్నే ఉండదు. యాంటెన్నా తీగలాంటిది ఒక్కటే ఉంటుంది. అది టీవీ యాంటెన్నా రంధ్రంలో పెట్టి, పెట్టె ఆన్ చేసి ఉంచి, ఛానళ్ళ సెట్టింగులో అనలాగ్ అన్నది ఎంచుకుని వెతికించాలి. మీ టీవీలో ఆ సదుపాయం లేకపోతే అటక మీదే ఇంకో నేస్తం ఉండచ్చు, పాత వీసీఆర్. ఆ తీగ వీసీఆర్ యాంటెన్నా రంధ్రంలో పెట్టి, వీసీఆర్‌లో ఛానల్ పట్టించి, దాని వెనకున్న పసుపు, తెలుపు రంధ్రాల నుంచి టీవీకి తీసుకోవచ్చు. పెళ్ళి క్యాసెట్లు చూడ్డానికి దాచిన వీసీఆర్ ఇలా కూడా పనికొస్తుంది.

రెండో జాయ్‌స్టిక్ ఎవరిది?

ఇక్కడ ఒక సంగతి మీతో చెప్పుకోవాలి. 1994 ఎండాకాలం సెలవుల్లో మా నాన్నగారు తెనాలిలో మా ఇద్దరికీ టీవీ గేమ్ కొన్నారు. "ఇద్దరికీ" అన్నది నాన్నగారి మాట. మొదటి జాయ్‌స్టిక్ అన్నయ్యది, రెండోది నాది. ఎండాకాలాలు నాలుగు గడిచినా ఆ పంపకం మారలేదు. ఆ రోజుల్లో ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మొదటి జాయ్‌స్టిక్ మధ్యలో స్టార్ట్ అనీ సెలెక్ట్ అనీ రెండు బటన్లుండేవి. రెండోదానికి ఉండేవి కావు. అసలు జపాన్ పెట్టె తయారీయే అంత. అంటే ఆట ఏదో ఎంచుకోవాలన్నా, మొదలుపెట్టాలన్నా, మధ్యలో మంచినీళ్ళకి ఆపాలన్నా మొదటివాళ్ళే నొక్కాలి. అన్నయ్య ట్యూషనుకి వెళ్ళాక ఒక్కదాన్నే ఆడుకుందామంటే తీగలు ముట్టుకోనిచ్చేవారు కాదు. "ఆడపిల్లవి, షాక్ కొడుతుంది, వాడొచ్చాక పెడతాళ్ళే" అనేవాళ్ళు. వాడికి కొట్టని షాక్ నాకెందుకు కొడుతుందో ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ళ కిందట అమ్మ ఆ ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ పెట్టె దిగింది. టీవీల షాపులో అడిగితే అతను చేత్తో కూడా పట్టుకుని చూడకుండా "అమ్మా, దీని కాలం అయిపోయింది, పారేసి కొత్తది కొనివ్వండి పిల్లలకి" అన్నాడు. మా వారు "అన్నయ్యని వచ్చాక చూడమను" అన్నారు. అన్నయ్య ఉండేది డాలస్‌లో, వచ్చేది రెండేళ్ళకోసారి. నాకు ఎక్కడో చురుక్కుమంది. నలభై దాటినా ఇంకా "వాడొచ్చాక" ఏంటి?

టీవీ కంపెనీ వాళ్ళిచ్చిన చిన్న పుస్తకం ముందేసుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. పైన చెప్పిన మొదటి పద్ధతిలోనే, పసుపు పిన్ను ఎర్ర రంధ్రంలో పెట్టాక, మారియో వచ్చాడు. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి మొదటి జాయ్‌స్టిక్ అందుకుంది. "అది నాకివ్వు" అని తీసుకున్నాను. స్టార్ట్ బటన్ నా బొటనవేలి కిందుండటం అదే మొదటిసారి.

మన సంగతి ఇలాగే ఉంటుంది కదండీ! మిక్సీ బుష్షు మారుస్తాం, గ్యాస్ పైపు లీకు సబ్బు నీళ్ళతో కనిపెడతాం, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోస్తాం. టీవీ వెనక్కి మాత్రం దుమ్ము తుడవడానికే వెళతాం. ఆ పిన్నుల్లో పారేది చాలా తక్కువ కరెంటు. గోడ ప్లగ్గు తీసేసి తీగలు కలుపుకుని, ఆ తర్వాత స్విచ్ వేస్తే భయపడాల్సిందేమీ లేదు.

రంధ్రాలే లేకపోతే ఓ దుబాసి కావాలి

మీ టీవీకి ఏవీ రంధ్రం అసలు లేదనుకోండి. అప్పుడు మధ్యవర్తి పెట్టె కొనాలి. అగ్గిపెట్టెకి కాస్త పెద్దగా ఉంటుంది, కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతుంది. ఒకవైపు పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు, రెండోవైపు హెచ్‌డీఎంఐ. దీనికి సెల్‌ఫోను ఛార్జరుతో కరెంటివ్వాలి. టీవీకున్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టినా నడుస్తుంది గానీ, బొమ్మ అదురుతుంటే ఛార్జరుకి మార్చండి.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇలాంటివే అచ్చుగుద్దినట్టు రెండు రకాలున్నాయి. ఒకటి ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి, ఇంకోటి హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి. పుట్టింటికి వెళ్ళే బస్సూ అత్తారింటికి వెళ్ళే బస్సూ ఒకేలా ఉంటాయి, బోర్డు చూసి ఎక్కాలి కదా! మనక్కావలసింది ఏవీ లోపలికి, హెచ్‌డీఎంఐ బయటికి. రంధ్రాల పక్కన ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది, షాపులోనే చదువుకోండి. తెచ్చాక ఇంట్లో తిప్పి పెట్టుకుందామంటే కుదరదు.

ఇది బొమ్మని చూపిస్తుంది, అంతే. అందంగా చూపిస్తుందని నేను మాటివ్వను. బేసి సరి వరసల చిక్కు దీనికీ తెలియదు. పిల్లలు ఓ పండగపూట ఆడుకోవడానికి, "ఇదిగో మేం ఆడింది ఇదీ" అని చూపించడానికి చాలు.

ప్లేస్టేషన్ 2, వీ ఉన్నవాళ్ళకి ఇంకో మెరుగైన దారి ఉంది. వీటికి ఐదు పిన్నుల కాంపోనెంట్ తీగ విడిగా దొరుకుతుంది. ఆకుపచ్చ, నీలం, ఎరుపు బొమ్మకి, ఇంకో ఎరుపు, తెలుపు శబ్దానికి. పసుపు పిన్ను ఒక్కటే అన్ని రంగుల్నీ కలిపి సాంబారులా పంపిస్తే, ఇది పప్పు, కూర, పులుసు వేటికవి విడివిడిగా వడ్డిస్తుంది. అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, ఎరుపు రంగు పక్కలకి కారదు. ప్లేస్టేషన్ 2లో మాత్రం ముందు పాత పసుపు తీగతోనే పెట్టి, దాని సెట్టింగుల్లో కాంపోనెంట్ వీడియో అవుట్ అన్నచోట ఆర్‌జీబీ కాకుండా రెండోది ఎంచుకుని, ఆ తర్వాత తీగ మార్చాలి. ఆ పని చెయ్యకుండా తీగ మారిస్తే రంగులు వికారంగా కనిపిస్తాయి.

ఇక అసలైన పనితనం చూపించే పెట్టెలు వేరే ఉన్నాయి. రెట్రోటింక్, ఓఎస్ఎస్‌సీ అని పేర్లు. పాత ఆటల వరసల లెక్క తెలిసి, ఒక్కో చుక్కనీ చెక్కినట్టు పెద్దది చేస్తాయి. 2023లో వచ్చిన రెట్రోటింక్ 4కే అనే దాని ధర అప్పుడు 750 డాలర్లు. అంటే మన లెక్కలో ఓ మంచి ఫ్రిజ్జు. ఓఎస్ఎస్‌సీ మొదటి రకానికి మన పసుపు పిన్ను నేరుగా పట్టదు కూడా. రోజూ ఆడేవాళ్ళకీ, పాత పెట్టెలు పోగుచేసే సరదా ఉన్నవాళ్ళకీ ఇవి. మనింటికి అక్కర్లేదు. పిల్లలు అడిగితే పేర్లు తెలిసుండాలి కదా అని చెప్పాను.

వచ్చిన బొమ్మని చక్కదిద్దుకోండి

మారియో పొట్టిగా, లావుగా కనిపిస్తున్నాడా? పాత టీవీ ఆకారం నాలుగుకి మూడు పాళ్ళు. కొత్తది పదహారుకి తొమ్మిది. గుండ్రటి పూరీని రెండు పక్కలా పట్టుకుని సాగదీసినట్టు అవుతోందన్నమాట. టీవీ పిక్చర్ సెట్టింగుల్లో 4:3 అనేది ఎంచుకోండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి. రానివ్వండి, బొమ్మ ఆకారం బాగుంటుంది.

బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తోందా? అమెరికా నుంచో జపాన్ నుంచో తెచ్చిన పెట్టె అయ్యుంటుంది. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనది పాల్ పద్ధతి. టీవీ సెట్టింగుల్లో కలర్ సిస్టమ్ అన్నది ఆటో మీదగానీ ఎన్‌టీఎస్‌సీ మీదగానీ పెట్టండి.

బటన్ నొక్కిన కాసేపటికి బొమ్మ ఎగురుతోందా? అన్నిటికంటే విసుగు పుట్టించేది ఇదే. కొత్త టీవీ ప్రతి బొమ్మకీ పౌడరు రాసి, బొట్టు పెట్టి గానీ బయటికి పంపదు. సినిమా చూసేటప్పుడు ఆ ఆలస్యం మనకి తెలీదు. ఆటలో సెకనులో పదో వంతు ఆలస్యమైనా మారియో గోతిలో పడతాడు. పిల్లలు "నేను నొక్కానమ్మా!" అని ఏడుపు మొహం పెడితే నిజంగానే నొక్కారు, నమ్మండి. సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే ఆ సింగారాలు మానేసి టీవీ త్వరగా పంపిస్తుంది. షార్ప్‌నెస్ కూడా కాస్త తగ్గించండి. పాత బొమ్మకి అది ఎక్కువైతే అంచుల చుట్టూ దయ్యపు నీడలు కనిపిస్తాయి.

తుపాకీ మాత్రం పేలదు

టీవీ గేమ్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ ప్లాస్టిక్ తుపాకీ, బాతులు. దానిమీద ఆశ పెట్టుకోకండి. తీగలు ఎంత సరిగ్గా పెట్టినా కొత్త టీవీలో అది పని చెయ్యదు. కారణం తమాషాగా ఉంటుంది. తుపాకీలోంచి ఏదీ బయటికి రాదు. దాని గొట్టంలో వెలుగుని పసిగట్టే కన్ను ఒకటుంటుంది. మీట నొక్కగానే తెర కనురెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. ఆ మెరుపు సరిగ్గా ఆ క్షణంలో కంటికి తగిలితే బాతు పడినట్టు. డబ్బా టీవీ ఆ క్షణాన్ని తప్పదు. కొత్త టీవీ పౌడరు రాసి పంపేసరికి ఆ క్షణం దాటిపోతుంది. తుపాకీ చెడిపోలేదని పిల్లలకి చెప్పండి, పాపం అది ఎదురుచూసిన టీవీ ఇప్పుడు లేదు.

వీ రిమోట్ సంగతి వేరు. అది తెరని చూడదు, టీవీ కింద మనం పెట్టే సన్నటి పట్టీలోని కనిపించని దీపాల్ని చూస్తుంది. అందుకని ఏ టీవీ ముందైనా పని చేస్తుంది.

మీ ఇంట్లోనో పుట్టింట్లోనో నడుస్తున్న డబ్బా టీవీ ఇంకా ఉంటే, బాతుల ఆట కోసం దాన్ని ఉంచుకోవచ్చు. దాని వెనక మూత మాత్రం ఎవర్నీ విప్పనివ్వకండి. ప్లగ్గు తీసేసినా లోపల ప్రమాదకరమైన వోల్టేజి నిలవుంటుంది. ఇది మెకానిక్కులు చెయ్యవలసిన పని.

ఆన్ చేసే ముందు శుభ్రం

ఏళ్ళ తరబడి అటక మీదున్న వస్తువుని దింపగానే కరెంటు పెట్టకండి. ముందు ఎడాప్టరు చూడండి. మనం ఎలిమినేటర్ అని పిలిచేవాళ్ళమే, అది. తీగ పెళుసెక్కి పగిలిందా, డబ్బా ఉబ్బిందా, కాలిన వాసనొస్తోందా చూడండి. వాటిలో ఏదున్నా వాడద్దు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, పిన్నులో ప్లస్ మైనస్ గుర్తు, అన్నీ షాపులో చూపించి అలాంటిదే అడగండి. పిన్ను పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చితే పెట్టె కాలిపోతుంది.

అమెరికా నుంచి పిల్లలు పంపించిన పెట్టెలైతే వెనక చీటీ చదవండి. 100-240 అని ఉంటే మన కరెంటుకి పనికొస్తుంది. 120 అని ఒక్కటే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. మన గోడలో వచ్చేది 230 వోల్టులు.

క్యాసెట్ పని చెయ్యకపోతే "ఉఫ్" అని ఊదేవాళ్ళం గుర్తుందా? అది మానెయ్యండి. నోటి తేమకి లోపలి రాగి పట్టీలు చిలుమెక్కుతాయి. ఊదడం వల్ల పని చేసిందనుకున్నాం గానీ, తీసి మళ్ళీ పెట్టడం వల్ల చేసింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చెవి దూది పుల్ల ముంచి ఆ పట్టీలు సుతారంగా తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. నీళ్ళు, కొబ్బరినూనె, కిరసనాయిలు పొరపాటున కూడా తగలనివ్వద్దు. డీవీడీలైతే మెత్తటి బట్టతో మధ్యనించి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు.

ప్లేస్టేషన్ 2కి బొటనవేలంత మెమరీ కార్డు ఉంటుంది. పిల్లలు ఆడి దాచుకున్న ఆటలన్నీ దాంట్లోనే ఉంటాయి. పెట్టె నిజంగా చెడిపోయి ఇచ్చేయాల్సి వచ్చినా ఆ కార్డు తీసి దాచండి. మా ఎదురింటి వదినగారి అబ్బాయి కెనడా వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. మొన్న సెలవులకొచ్చి పెట్టె కలుపుకుంటే, పదో తరగతి పరీక్షల ముందు సగంలో ఆపిన క్రికెట్ టోర్నమెంటు అలాగే ఉంది. "అమ్మా, ఇది ఉంచావా" అని అబ్బాయి అడిగితే ఆవిడ "నీ వస్తువులు నేనెందుకు పారేస్తాన్రా" అందిట.

గుర్తుంచుకోండి

* ముందు టీవీ వెనక వెతకండి, కొనడం తర్వాత. టీవీతో వచ్చిన కవరు విప్పి చూడండి.
* మధ్యవర్తి పెట్టె కొంటే ఏవీ ఇన్‌పుట్, హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్. షాపులోనే చదవండి.
* సోర్స్ బటన్, 4:3, గేమ్ మోడ్. ఈ మూడూ మర్చిపోవద్దు.
* ప్లగ్గు తీసి తీగలు కలపండి, కలిపాక ప్లగ్గు పెట్టండి.
* అన్నీ చేసినా బొమ్మ రాకపోతే, పడేసే ముందు ఇంకో టీవీకి పెట్టి చూడండి.
* నిజంగానే చెడిపోయిందని తేలితే చెత్తబుట్టలో వెయ్యకండి. డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది, పాత పెట్టెల టంకంలోనూ ఉంటుంది. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.

ఒక మాట చెప్పి ముగిస్తాను. టీవీ కలిపాక జాయ్‌స్టిక్కులు పిల్లల చేతికిచ్చేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు ఓ ఆట అవుతుంది. ఇంట్లో ఆడపిల్ల, మగపిల్లాడు ఇద్దరూ ఉంటే స్టార్ట్ బటన్ ఉన్నది రోజుకొకరికి ఇవ్వండి. ఒక రోజు మీకు.